బరువు కింద స్టూలు

నర్సీపట్నం, మంగళవారం రాత్రి

తప్పు చేసింది మా మేనత్త. ట్రాక్టర్ బోల్తాపడి అన్నయ్య తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ దాకా ముక్కలు ఒకదానిమీదికొకటి ఎక్కకుండా కాలికి బరువు వేలాడదీశారు. నిన్న అత్త జాలిపడి దానికింద స్టూలు పెట్టేసింది!

"కాలు పొట్టిదైపోతాది అత్తా! ఎవరు పెట్టమన్నారు?" అని వార్డంతా దద్దరిల్లేలా అరిచాను. ఆసుపత్రి గోడమీది కాగితాలన్నీ చదివినవాణ్ణి మరి.

"ఏట్రా ఆ కేకలు? ఆడు నొప్పికి మూలుగుతుంటే సూత్తూ కూకోమంటావేటి?" అంది ఏడుస్తూ. స్టూలు మాత్రం వెంటనే తీసేసింది.

ఈరోజు ఎముకలో రాడ్డు వేశారు. సాయంత్రం డాక్టరుగారు రెండు కాళ్లూ కొలిచి, "సమానంగా ఉన్నాయమ్మా" అన్నారు. గర్వంతో నా ఛాతీ ఉప్పొంగింది. అన్నయ్య కుంటకుండా జీడితోటకు వెళ్తాడు. కుట్లు మానేదాకా జ్వరం రాకుండా ఉంటే చాలు... ఆ భయం మాత్రం పోలేదు.

పక్క మంచంమీది నాతవరం ఊరాయనకూ బరువు కట్టారు. ఇందాక వాళ్లావిడ దానికింద పెట్టడానికి ఇటుక తెచ్చింది. నేను నోరు తెరిచేలోపే అత్త వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వొద్దమ్మా. నానూ ఇలాగే జాలిపడి మావోడి కాలు పాడుసేసీదాన్ని."

ఆవిడ ఇటుక పక్కన పెట్టేసింది. నా అరుపులకు ఈ వార్డులో అత్త తప్ప ఇంతవరకూ ఒక్కరూ మారలేదు. మా అత్తను చూస్తే ఎంత గర్వంగా ఉందో!

రేపు సాయంత్రం నాలుగింటికి వార్డులో రోగుల తాలూకు వాళ్లందరూ అన్నయ్య మంచం దగ్గరికి రావాలని మంచం మంచానికీ వెళ్లి చెప్పొచ్చాను. బరువు సంగతి మాట్లాడేది అత్త.