నత్తి ఫైళ్లు

మంగళవారం, రాత్రి

కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశాలను వివరించే యూనిక్స్ మాన్యువల్ పేజీలను మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా మార్చి పక్కింటి సెల్వికిచ్చాను. ఆమెకు చూపు లేదు; ఫోను చదివితే వింటుంది. రేపే తట్టాంచావడిలో ఉద్యోగానికి పరీక్ష.

"ఏంది పెదనాయనా, నీ ఫైలుకు నత్తి? ఫోను ఒక్కో అక్షరం రెండుసార్లు పలుకుతాంది" అని నవ్వింది.

పాత టైపు మిషన్ బుద్ధి అది. లావు అక్షరం కావాలంటే వెనక్కి జరిపి అదే అక్షరం మళ్లీ కొట్టేవాళ్లం. మిషన్లు పోయినా ఈ పేజీలు ఆ అలవాటు మానలేదు. నాకు టైపు నేర్పిన అయ్యరైతే... సరే, ఆ కథ వద్దు. అలా జంటగా పడ్డ అక్షరాల్లో ఒకటి తీసేసి ఫైలు మళ్లీ ఇచ్చాను.

"ఇప్పుడు యా మాట ఉన్నదున్నట్టు కొట్టాల, యాడ నా ఫైలు పేరు పెట్టాల?" అనడిగింది.

లావుగా ఉన్న మాటనే ఉన్నదున్నట్టు కొట్టాలి; ఆ తేడా చెప్పేవి నేను తీసేసిన లావు అక్షరాలే! చెత్తతో పాటు అర్థాన్నీ ఊడ్చేశాను, నా చీపురు మండ.

పొద్దున ఆమె బయల్దేరేలోగా నేనే చదివి వినిపించాలి, ఉన్నదున్నట్టు కొట్టాల్సిన మాట దగ్గరల్లా ఒత్తి పలుకుతూ.