తాకలేదని చెప్పిన కాలు

మంగళవారం, మధ్యాహ్నం
ఆటగాళ్ళ హాస్టల్, మూడో అంతస్తు

అక్కకు,

సత్యానికి తప్ప ఎవరికీ తలవంచని నీ తమ్ముడు నీకు మాత్రం వంగి పెడుతున్న నమస్కారాలు. బావగారి నడుం నొప్పి ఎలా ఉంది? పిల్లకి పళ్ళు ఎన్ని వచ్చాయి? నేను కులాసా. కాకపోతే నన్ను జట్టులోంచి తీసేశారు.

నాన్న ఈపాటికి పేపర్లో చూసి చిందులు తొక్కుతూ ఉంటారు. అసలు సంగతి నువ్వే నెమ్మదిగా చెప్పు. శనివారం ఆట చెరొక గోలుతో సమంగా ఉంది. రెండే నిమిషాలు మిగిలాయి. నేను బంతితో అవతలివాళ్ళ గోలు ముందరి గీతల్లోకి దూసుకెళ్ళాను. వాళ్ళ భారీ డిఫెండర్ అడ్డొచ్చాడు. పడ్డాను. రిఫరీ విజిల్ ఊది పెనాల్టీ ఇచ్చాడు. మావాళ్ళు ఎగిరి గంతేశారు. నేను లేచి, నిక్కరు దులుపుకుని, "అయ్యా, ఆయన నన్ను తాకలేదు, నేనే జారిపడ్డాను" అని రిఫరీకి చెప్పేశాను.

స్టేడియమంతా నోరెళ్ళబెట్టింది. పెనాల్టీ రద్దయింది. ఆట సమంగానే ముగిసింది.

డ్రెస్సింగ్ రూంలో మా గోల్‌కీపర్, అందరూ గోడ అని పిలుస్తారు, "ఒరేయ్ మహానుభావా, నిన్నెవడడిగాడ్రా సాక్ష్యం? రిఫరీకి కళ్ళు లేవా, విజిల్ లేదా?" అని బూటు విసిరాడు. అబద్ధంతో వచ్చిన గెలుపు దొంగసొత్తు అని మొన్న చదివిన కరపత్రంలోంచి నాలుగు ముక్కలు వినిపించాను. రెండో బూటూ వచ్చింది. కోచ్ గారు అరవలేదు, అదే భయం. చల్లగా, "రేపట్నుంచి బెంచీ మీద కూర్చుని చదువుకో బాబూ" అన్నారు. అందరి ముందూ క్షమాపణ చెబితేనే ఆదివారం ఆడనిస్తారట. ఆ ఆట గెలవకపోతే మా జట్టు కింది డివిజన్‌లోకి పోతుంది. నా కాంట్రాక్టు ఇక ఎవరూ పొడిగించరు.

క్షమాపణా? నేనా? నిజం చెప్పినందుకా? పేపరువాళ్ళు "నిక్కరు తొడుక్కున్న నిజాయితీ" అని ఫోటో వేశారు. ఏదో సంఘంవాళ్ళు కప్పు కూడా ఇస్తారట. కాంట్రాక్టు పోతే పోనీ, మాట తప్పను!

ఇట్లు,
రాజీ ఎరుగని, రెండ్రోజులుగా అన్నం సయించని
నీ తమ్ముడు

తా.క.: ఇక్కడినుంచి నాన్నకు చదివి వినిపించకు.

ఆ డిఫెండర్ తన్నాడక్కా. శుభ్రంగా తన్నాడు. మోకాలి కింద కోడిగుడ్డంత వాపు. పొడుగు సాక్సులో దాచి, కుంటకుండా తిరుగుతున్నాను. నిన్న పాపం అతనే ఫోన్ చేసి, "తమ్ముడూ, నేను తన్నాను కదా? నాకే అనుమానంగా ఉంది" అన్నాడు.

మా జట్టులో పెనాల్టీ కొట్టే పని నాది. ఈ నెలలో రెండు కొట్టాను. రెండూ గోలు మీంచి పోయి వెనక జనంలో పడ్డాయి. శనివారం విజిల్ వినగానే గోలు అగ్గిపెట్టెలా, వాళ్ళ గోల్‌కీపర్ బీరువాలా కనిపించాడు. కాళ్ళు కదల్లేదు, నోరు కదిలింది.

సాయంత్రం ప్రాక్టీసులో సాక్సు దించి అందరికీ చూపించేస్తాను. తిడితే పడతాను. కానీ క్షమించేసి, ఆదివారం మళ్ళీ పెనాల్టీ నన్నే కొట్టమంటే? అందుకే నువ్వు రా. నువ్వు చూస్తుంటే జారిపడ్డానని చెప్పలేను. గోలు వెనక టికెట్ మాత్రం తీసుకోకు.