చేపల పులుసులో గరిటె

గూడూరు, ఆదివారం, మే 1962

ఈ రోజు అత్తయ్య నన్ను తిట్టింది. ఇప్పటికీ నవ్వు ఆగడం లేదు.

ఆమె పాండిచ్చేరిలో పెరిగింది. అక్కడ ఫ్రెంచి పిల్లలతో వీధిలో ఆడుకుంటూ నేర్చుకున్న మాటలు ఇంకా ఆమె నాలుక మీదే ఉన్నాయి. మా ఆయన తడి కాళ్ళతో లోపలికొస్తే "ఆందుయ్!" అంటుంది. తింగరి అని అర్థమట, సొంత మనుషులనే అంటారట. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆ మాటలన్నీ అడిగి నేర్చుకుంటున్నాను. "జ్యూత్" అంటే ఛ అని. "సా వా" అంటే బాగున్నావా అని. అన్నీ నేర్పింది గానీ, నన్ను మాత్రం ఒక్క మాటా అనలేదు. పాలు పొంగిపోయినా "పోన్లేమ్మా" అనేది, ఇంటికొచ్చిన చుట్టాన్ని అన్నట్టు. అదే నాకు గుచ్చుకునేది.

ఈ రోజు చేపల పులుసు ఉడుకుతుంటే, మామిడికాయ ముక్కలు కలవాలని గరిటె పెట్టి తిప్పేశాను. చట్టిని రెండు చేతులా పట్టుకొని కుదపాలన్న సంగతే మరిచిపోయాను. చేప ముక్కలన్నీ చితికిపోయాయి.

అత్తయ్య తొంగి చూసి నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది.

"ఆందుయ్! పులుసులో ఎవురన్నా గెంటె పెడతారంటే? నీకూ నీ మొగుడికీ ఒకటే బుద్ధి!"

అనేసి, నేను నొచ్చుకున్నానేమోనని చటుక్కున ఆగిపోయింది.

"సా వా, అత్తయ్యా?" అన్నాను.

కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఒకటే నవ్వు.

రేపు మళ్ళీ "పోన్లేమ్మా" అంటుందేమోనని బెంగగా ఉంది. అంటే మాత్రం, ఇంకోసారి గరిటె పెడతాను.