అద్దం కాదది, ప్లాస్టిక్

తమ్ముడూ,

నువ్వూ ఆ మెకానిక్కూ కలిసి నా తల పగలగొట్టారు. మోటార్‌సైకిల్ ముందు గాలికి అడ్డంగా ఉండేదాన్ని అందరూ అద్దం అంటారు గనక నువ్వూ అద్దమే అనుకున్నావు. అది ప్లాస్టిక్‌రా! మరకలు పోవాలని వాడిచ్చిన పెయింట్ థిన్నర్ పోసి రుద్దావు, అదంతా తెల్లగా మసకబారింది. నిన్న ఎదురెండ పడగానే ముందు లారీలోంచి పొడుచుకొచ్చిన చువ్వలు నీకు కనపడలేదు. నేను అరిచాక బండి పక్కకు లాగావు, ఇద్దరం రోడ్డున పడ్డాం. నాకు ఏడు కుట్లు.

ఆస్పత్రిలోనే "టూత్‌పేస్టుతో తోమితే మెరుస్తుందక్కా" అన్నావు. ఇంకోసారి ఆ మాటంటే తోముకోవడానికి నీకు పళ్ళుండవు. పొద్దున దాన్ని సుత్తితో ముక్కలు చేశాను. ముక్కలున్న గోనెసంచిలో చెయ్యి పెట్టకు, కోసుకుంటుంది.

దాన్ని బిగించే నాలుగు మరలూ టీ గ్లాసులో ఉన్నాయి. కొత్తది తెచ్చి నువ్వే బిగించు. మరీ బిగిస్తే పగులుతుంది. ఇకమీదట సబ్బునీళ్ళూ మెత్తటి గుడ్డా తప్ప దానికేమీ తగలకూడదు.

థిన్నర్ డబ్బా నేను తీసుకెళ్తున్నాను. "నా తల పగలగొట్టించింది వీడే" అని అట్ట మీద రాసుకుని, తలకున్న ఈ కట్టుతోనే ఆ మెకానిక్ షెడ్డు ముందు నిలబడతాను. వచ్చిన ప్రతి బండివాడితో వాడు తప్పు ఒప్పుకోవాలి. నోరు పారేసుకుంటే డబ్బా వాడి నెత్తిన గుమ్మరిస్తాను.

నీ మోచేతి కట్టు తడవనివ్వకు.

సాయంత్రం నా కూతుర్ని బడి నుంచి తెచ్చేది నువ్వే. అది కూర్చునేది ట్యాంకు మీద, సరిగ్గా ఆ ప్లాస్టిక్ వెనక. కొత్తది బిగించినా సరే, ఇవాళ దాన్ని బండెక్కించకు. చెయ్యి పట్టుకుని నడిపించుకు రా.