నీ చేతుల కొలత విల్లు

యోహానూ, విల్లు లాగేకొద్దీ బరువు పెరుగుతుందా, తగ్గుతుందా? చివర్లో తగ్గుతుందని నువ్వంటే నేను ఏనాడూ నమ్మలేదు.

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఎడారి దేశంలో, అవాలి ఊరి దగ్గర నువ్వు పనిచేసిన విలువిద్య మైదానానికి వెళ్లి, కొసలకు చక్రాలున్న నీ కాంపౌండ్ విల్లు అడిగి పట్టుకున్నాను. పిడి మీద నీ చెమట మరక అలాగే ఉంది. ఎంత లాగినా బరువు తగ్గలేదు.

నీతో పనిచేసిన కరీంనగర్ రాజన్న నవ్వాడు. "అయ్యగారూ, గది యోహానన్న చేతుల కొలతకు పెట్టిన విల్లు. మీ పొట్టి చేతులకు ఆ చివర ఎట్ల అందుతది?"

మరలు విప్పి, కొలత తగ్గించి ఇచ్చాడు. మళ్లీ లాగాను. మధ్యలో బండరాయంత బరువు, చివర్లో ఒక్కసారిగా తేలిపోయింది. పడబోయాను.

"చక్రం తిరిగిందంటే ఇగ విల్లే మోస్తది" అన్నాడు.

విల్లు కిందికి దించాను. ప్రభువు కాడి సుళువని, భారం తేలికని ప్రతి శుక్రవారం, ఇక్కడి సెలవునాడు, చర్చిలో అరిచి చెబుతాను. ఎవరి మెడ కొలతా చూడలేదు. నేను చేసే ఉపవాసమే నీ భార్య మార్తమ్మ చేతా పట్టించాను. "కళ్లు తిరుగుతున్నాయయ్యగారూ" అని పొద్దున ఫోన్ చేస్తే, "ఇంకా గట్టిగా పట్టుకో తల్లీ" అన్నాను. మహూజ్ పేటలో మంచినీళ్లైనా ముట్టకుండా ఇళ్లపని చేస్తోంది.

ఇంటికొచ్చి గంజి సీసాలో పోసుకున్నాను. రేపటి ప్రసంగం రేపు. ఒరే ప్రసంగీకుడా, నడు. ఆమె గొంతు తడవాలి, ఇవాళే, ఈ పూటే.