జోరావర్ ఒంటికి పూసిన ఆవనూనె

నాయనా బల్కార్, అందరం కులాసా. నీ కొడుకు జోరావర్ మాత్రం నాతో మాట్లాడడం లేదు.

నిన్న కబడ్డీలో వాడు కూతకు వెళితే పట్టిన చేయల్లా జారిపోయింది. రెఫరీ నాహర్ సింగ్ వాడి వీపు తడిమి, "ఒళ్లంతా నూనె. దొంగాట ఆడేవాడికి ఈ ఏడాది ఆట లేదు, పో" అన్నాడు. నేను వెళ్లి, "ఎవడ్రా దొంగ? ముందు నీ కళ్లు కడుక్కో" అంటూ అతని తెల్లచొక్కా పట్టుకున్నాను. వదిలేసరికి దాని మీద నా అయిదు వేళ్లూ ఆవనూనెతో అచ్చు పడ్డాయి. "ఆట ఉంది బేబే, వద్దు" అని వాడు మొత్తుకుంటున్నా, చలికి ఒళ్లు పట్టేస్తుందని బయల్దేరే ముందు పూసింది నేనే. ఊరి ముందు తలెత్తలేకపోయాను.

నువ్వు నాహర్ సింగ్‌తో కలిసి ఆడినవాడివి. "తప్పు మా అమ్మది, పిల్లవాణ్ణి ఆడనివ్వు" అని అతనికి రాయి. కోడలి దగ్గు తగ్గిందా? వాహెగురు మిమ్మల్ని చల్లగా చూడాలి. ఆ చొక్కా అడిగి తెచ్చాను. ఎంత ఉతికినా మరక పోవడం లేదు.

మీ బేబే