గట్టిగా చెప్పాల్సిన పేరు

టౌహై లోయ, న్యూజిలాండ్
1866 ఆగస్టు 9

థామసిన్ అక్కా,

ఇది చదివి పొయ్యిలో వేసెయ్. బావకి కూడా చెప్పకు.

మా పార్లమెంటు సభ్యుడు పోయాడు కదా, ఉప ఎన్నిక వచ్చి పడింది. నిలబడ్డవాళ్ళు ఇద్దరు. ఒకరు మా భూస్వామి గ్యారిక్ గారు. మేము కౌలుకు చేసే యాభై ఎకరాలూ, ఏటి మీద పడవా ఆయనవే. రెండో మనిషి వడ్రంగి లోథర్. గెలిస్తే ఏటికి వంతెన తెస్తానంటున్నాడు. వంతెన వస్తే పడవెవరు ఎక్కుతారు? గ్యారిక్ గారికి ఒళ్ళు మండిపోతోంది.

పోయిన చలికాలం పడవకి ఇవ్వడానికి చిల్లర లేక, ఏట్లో దిగి దాటబోయే కదా మా పిల్ల కెజాయా కొట్టుకుపోయింది. అందుకే మా ఆయన జొసాయా, "లోథర్ పేరే చెప్తా. గ్యారిక్ మొహం మీదే చెప్తా" అంటున్నారు. ఇక్కడ ఓటంటే అధికారి బల్ల ముందు నిలబడి అందరికీ వినబడేలా పేరు చెప్పడమే. గ్యారిక్ గారు పక్కనే కుర్చీలో కూర్చుని వింటారు. మా కౌలు గడువేమో వచ్చే నెలతో సరి. నాకిప్పుడు ఏడో నెల.

అక్కా, నేనొక పని చేశాను. నిన్న ఆయన పొలంలో ఉండగా గ్యారిక్ గారి భార్య దగ్గరికి వెళ్ళి, మా ఆయన ఓటు మీకేనని మాటిచ్చి వచ్చాను. ఆవిడ ఇచ్చిన టీ కూడా తాగాను. నా బిడ్డ సమాధి ఈ నేలలో ఉంది, దాన్ని వదిలి నేనెక్కడికీ వెళ్ళలేను. ఈ సంగతి ఆయనతో ఏ నోటితో చెప్పను?

నీ హ్యారియెట్

ఆగస్టు 15

అక్కా,

నిన్న ఓట్లు అయ్యాయి. చివరిదాకా ఆయనకి చెప్పలేకపోయాను. ఆడవాళ్ళతో కలిసి ఓట్లు చెప్పే గది కిటికీ బయట నిలబడ్డాను.

"జొసాయా ట్రెవిన్, ఎవరికి?" అన్నాడు అధికారి. ఆయన కిటికీలోంచి నన్ను చూశారు, నా కడుపు చూశారు. "గ్యారిక్" అన్నారు. "థూ, అమ్ముడుపోయాడ్రా!" అని ఎవరో అరిచారు.

అక్కడితో ఆగినా బాగుండేది. తనకి ఓటేసిన ప్రతివాడికీ కృతజ్ఞత చెప్పినట్టే గ్యారిక్ గారు లేచి టోపీ తీసి, "సంతోషం ట్రెవిన్! మీ ఆవిడ ముందే వచ్చి ఇచ్చిన మాట నిలబెట్టావ్" అన్నారు. అందరూ విన్నారు.

ఇంటికొచ్చాక జొసాయా, "నీ కోసం నా అంతట నేనే తల వంచాననుకున్నా హ్యారియెట్. నువ్వప్పటికే బేరం కుదిర్చేశావన్నమాట" అన్నారు. నాకు ఏడుపు కూడా రాలేదు.

ఈ ఉదయం గ్యారిక్ గారి మనిషి వచ్చాడు. ఆయన నాలుగు ఓట్ల తేడాతో గెలిచారట. కొత్త కౌలు కాగితం ఇచ్చాడు. దానికి జతగా ఒక చీటీ: ఇకమీదట మా ఇంటిల్లిపాదికీ పడవ ఉచితం.

దాన్ని మూడుసార్లు చదివాను. జొసాయా చదవనైనా లేదు. "ఎక్కడ పెట్టాలి సంతకం?" అంటూ కలం తీశారు. లాగేసుకున్నాను. "వద్దు. ఈ చీటీ పోయిన చలికాలం ఇచ్చుంటే పిల్ల బతికేది" అన్నాను. అప్పుడు ఏడ్చారు అక్కా, నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు.

సమాధి దగ్గరికి వెళ్ళి కెజాయాకి చెప్పి వచ్చాను. శనివారం బండి కట్టుకుని మీ ఊరు వస్తున్నాం, ఒక గది చూసి ఉంచు. కొండల వెంట చుట్టూ తిరిగి వస్తాం కాబట్టి రెండు రోజులు ఎక్కువే పడుతుంది, కంగారు పడకు. ఆ పడవ మాత్రం ఎక్కం.

నీ చెల్లెలు
హ్యారియెట్